కండక్టరు గారి పచ్చిక

కండక్టరు గారు బతికినంతకాలం నిలబడే బతికారు. ఊగే బస్సులో, జనం మధ్య, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ. అందుకేనేమో ఇంటి ముందున్న పచ్చిక అంటే ఆయనకు ప్రాణం. పెద్దదేమీ కాదు, నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత నేల. డ్యూటీ దిగి వచ్చి, గేటు దగ్గరే బూట్లు విప్పి, సాక్సులు జేబులో కుక్కుకుని, ఆ గడ్డి మీద కాసేపు తిరిగితే గానీ ఇంట్లో అడుగుపెట్టేవారు కాదు.

"కాళ్ళు కడుక్కోకుండా ఆ తిరుగుడేంటండీ?" అని భార్య కసురుకునేది.

"ఇవాళ ఈ కాళ్ళని ఎంతమంది తొక్కారో నీకేం తెలుసు? వాటికి కాస్త మర్యాద చేస్తున్నా."

గడ్డితోనూ బస్సు మాటలే. తుంగ మొలిస్తే చాలు, వంగి "ఏం బాబూ, టికెట్టుందా? లేదా? అయితే దిగు," అంటూ గడ్డతో సహా పెరికేసేవారు. పచ్చికను మాత్రం ఎవరినీ పొట్టిగా కోయనిచ్చేవారు కాదు. ఎండల్లో గుండు గీయిస్తే ఎవరికైనా మాడు కాలదా అనేవారు.

ఆయన భార్యను వీధిలో అందరూ కండక్టరమ్మ అనే పిలిచేవారు. రోజు మొత్తంలో ఆమెకు తనదంటూ ఉన్న వేళ సాయంత్రమొక్కటే. మెట్టు మీద కూర్చుని ఆమె కూరలు తరుగుతుంటే, ఆయన పైపు పట్టుకుని నిలబడి ఆ రోజు బస్సు కబుర్లన్నీ చెప్పేవారు. నిద్రపోయి దిగాల్సిన చోటు దాటిపోయి, తప్పంతా బస్సుదేనని పోట్లాడినవాడి కథ. మొగుడు ఎక్కాడో లేదో చూసుకోకుండా పక్కవాడికి కూడా టికెట్టు తీసేసిన ఆవిడ కథ. ఆమె చెవులు ఆయన మాట మీద, కళ్ళు కత్తిపీట మీద. వెనకాల నీళ్ళ చప్పుడు.

వేసవిలో ఆయన పోయారు. డ్యూటీకి తయారవుతూ బూటు లేసు కట్టుకోవడానికి వంగిన మనిషి మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత కండక్టరమ్మకు ఏ పని మీదా మనసు నిలవలేదు. సాయంత్రం పైపు పట్టుకోవడం మాత్రం మానలేదు. ఆయన పట్టిన వేళకే పట్టింది, నేల చిత్తడి అయ్యేదాకా పట్టింది. వేసవి పోయి ఉక్క మొదలయ్యేసరికి పచ్చిక పాలిపోయింది. ఆపైన పళ్ళేలంత గోధుమరంగు మచ్చలు లేచాయి. దాహమేమోనని ఆమె ఇంకాస్త పోసింది. మచ్చలు ఒకదాన్నొకటి కలుపుకున్నాయి. పొద్దున్నే చూస్తే వాటి అంచుల్లో సాలెగూడు లాంటి తెల్లటి బూజు.

ఆయన చేతిలో బతికింది నా చేతిలో చస్తోంది అనుకుంది.

మరిది చూడటానికి వచ్చాడు. మంచివాడే. "వదినా, ఈ కుళ్ళు ఎందుకు చెప్పు? పలకలు పరిపించేద్దాం. నువ్వు జారిపడితే నాకు అదో బెంగ. ఆదివారం మేస్త్రీని తీసుకొస్తా," అన్నాడు. ఆమె వద్దనలేదు. వద్దనడానికి అక్కడ పచ్చగా ఏం మిగిలిందని?

శనివారం సాయంత్రం, ఇదే ఆఖరుసారి కదా అని, మళ్ళీ పైపు అందుకుంది. పక్కింటి పిన్ని తల గోడ మీద కనిపించింది. ఆ తల అక్కడే మొలిచిందా అన్నట్టు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

"ఏమే, ఆ గడ్డిని ముంచి చంపుతావా?"

"నీళ్ళు పడుతున్నా పిన్నీ. ఆయన పట్టినట్టే."

"మీ ఆయనా? ఈ వేళప్పుడు గడ్డికి చుక్క పోసిన పాపాన పోలేదు!"

కండక్టరమ్మకు ఒళ్ళు మండింది. "రోజూ ఈ మెట్టు మీద కూర్చుని చూసింది నేను."

"నువ్వు బెండకాయల్ని చూశావు. నీళ్ళని చూసింది నేను. అన్నీ నీ మెట్టు ముందు బండల మీదే పోసేవాడు. పగలంతా కాలిన బండలు, నీకు సెగ కొడుతుందని."

"మరి గడ్డికో?"

"తెల్లారగట్ల, నువ్వు లేవకముందు. అదీ రోజూ కాదు, నేల ఆరితేనే. పోసిన రోజు మాత్రం లోపలిదాకా నానేలా పోసేవాడు. ఆ కుళాయి కీచుమంటే నా నిద్ర గంగలో కలిసేది. సాయంత్రం పోసుకోరాదా అని తిడితే, 'ఈ ఉక్కలో రాత్రిపూట తడిపితే తడిబట్టలతో పడుకోబెట్టినట్టే పిన్నీ, బూజు పడుతుంది' అన్నాడు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"పైపు పట్టుకుని ఏడుస్తున్నదానికి ఏం చెప్పనే?" అంది పిన్ని, గొంతు తగ్గించి.

కండక్టరమ్మ కుళాయి కట్టేసింది. పొద్దున్నే ఆయన తడికాళ్ళతో లోపలికొచ్చేవారు, గచ్చంతా గడ్డిపరకలు. "రాత్రేగా తుడిచాను!" అని ఆమె అరిచేది. ఆయన కిక్కురుమనకుండా గుడ్డ తెచ్చి తుడిచేవారు. ఎక్కడ తడిశారని ఒక్కనాడైనా అడిగిందా?

మళ్ళీ కుళాయి తిప్పి, పైపును బండల మీదికి మళ్ళించింది. గుప్పున ఆ పాత వాసన లేచింది. మెట్టు మీద కూర్చుని కాళ్ళు ఆ చల్లటి బండలకు ఆనించింది.

మర్నాడు మేస్త్రీతో వచ్చిన మరిదిని గేటు దగ్గరే ఆపింది. "పలకలొద్దు బాబూ."

"చచ్చిన గడ్డిని ఏం చేసుకుంటావు వదినా?"

"అంతా చావలేదు. ఈ అంచు చూడు, ఇంకా పాకుతోంది. వానలు వెళ్ళేదాకా ఆగు. అప్పటికీ లేవకపోతే నీ ఇష్టం."

"మనిషిని వెంటబెట్టుకొచ్చానే!"

"కాఫీ ఇస్తా, తాగి వెళ్ళమను."

కుళ్ళిన గడ్డిని దువ్వి తీసేసింది. నేలను ఆరనిచ్చింది. పచ్చగా ఉన్న అంచు నుంచి పిలకలు తెచ్చి మచ్చల్లో నాటింది. వాన పడితే కుళాయి ముట్టుకోలేదు. చేతులు ఊరుకోని సాయంత్రాల్లో బండలు తడుపుకుంది. పచ్చిక మునుపటిలా అయిపోలేదు గానీ, పిలకలు పాకి మచ్చలు కుంచించుకుపోయాయి. వానలు వెళ్ళాక మరిది వచ్చి, పలకల మాట ఎత్తకుండా, చెప్పులు విప్పి ఆ గడ్డి మీద అటూ ఇటూ తిరిగి వెళ్ళాడు.

ఆ మర్నాడు తెల్లారగట్ల కుళాయి కీచుమంది. గోడ అవతల కిటికీ తెరుచుకుంది.

"మొగుడు చాలలేదని పెళ్ళాం కూడా తయారైంది నా ప్రాణానికి!"

"గొడవ పడకండి, లోపలికి జరగండి, వెనకాల ఖాళీ ఉంది!" అంది కండక్టరమ్మ.

పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టి గడ్డి వైపు చూసింది.

"సరేలే," అంది. "ఆ గేటు పక్క మూల ఎండిపోతోంది. ముందు అది చూడు."

ఆమె పైపు అటు తిప్పింది.