వెనక తలుపు దగ్గరి మూట

మా చిన్నప్పుడు... నేను కనబడకపోతే ఇంట్లో ఎవరూ కంగారుపడేవారు కాదు. "మూట కాడ ఉంటది చూడు" అనేవారు. నిజంగానే అక్కడ ఉండేదాన్ని. వెనక తలుపు పక్కన, చిలుకొయ్యకు వేలాడే మూట కింద, గోడకు వీపు ఆనించుకుని...

అది చూసి మావాళ్లు నాకొక ముద్ర వేసేశారు. ఈ పిల్లకు కాలు ఇంట్లో నిలవదు, ఎప్పుడెప్పుడు పోదామా అని చూస్తుంటుంది అని. బి.ఏ. పాసై వచ్చాక కూడా అదే మాట. అసలు అక్కడ ఎందుకు కూర్చునేదానివని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

పిండి కోసం కూర్చునేదాన్ని.

ఆ మూట సంగతి చెప్పాలి... పోలీసు చర్యకు ముందు గడబిడ రోజుల్లో, ఒకనాడు ఊరంతా ఉన్నపళంగా జొన్నచేలలోకి పరుగెత్తిందట. అవ్వ... మా అమ్మను అట్లాగే పిలిచేవాళ్లం... మా అన్నను రెక్క పట్టుకుని, నన్ను చంకనేసుకుని పరుగెత్తింది. తినడానికి చేతిలో ఏమీ లేదు. నేను ఆకలికి ఏడుస్తుంటే, ఆ ఏడుపు ఎవరికి వినబడుతుందోనని నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చుందట... ఇల్లు చేరిన మర్నాడే మూట కట్టింది.

పేలాల పిండి, బెల్లం, ఉప్పు, ఒక చెంబు, మైనపు గుడ్డలో చుట్టిన అగ్గిపెట్టె. అన్నిటి చుట్టూ నల్ల గొంగడి. ఆపద ముందు వాకిట్లోంచి వస్తుంది, మనం వెనక నుంచి పోవాలి... అదీ ఆమె ఆలోచన.

ఏటా తొలి ఏకాదశికి కొత్త పేలాలు విసిరి మూటలో పిండి మార్చేది. పండగ పిండి ఇంటిల్లిపాదికీ. ఏడాదంతా గొంగడిలో మగ్గిన పాత పిండి మాత్రం నాది... కొంచెం గొర్రె వాసన, కొంచెం బెల్లం. దాని రుచి నాకే తెలుసు. ఆపద అంటే ఏడాదికోసారి పెట్టే తినుబండారం అనుకునేదాన్ని చాలాకాలం.

అసలు ఆపద మాత్రం ఎంతకీ వచ్చేది కాదు...

ఒక ఎండాకాలం మా గడ్డివాము అంటుకుంది. మంట కొట్టం దాకా వచ్చింది. మూట దించమని బాపు కేకేశాడు. అవ్వ దానివైపు చూడనైనా చూడకుండా బిందె ఎత్తుకుని బావికి పరుగెత్తింది. ఇంకో ఏడు వాగు పొంగి వాకిట్లోకి నీళ్లొచ్చాయి. అవ్వ కోళ్ల గంప నెత్తిన పెట్టుకుని, మమ్మల్ని తోలుకుంటూ బడి అరుగు ఎక్కింది. మూట కొయ్యకే ఉండిపోయింది.

బాపుకు అదొక నవ్వులాట. "నీ ఆపద యాడున్నదే? జమ్మికుంట దాక వచ్చి మల్లిపోయిందా?" అని ఉడికించేవాడు.

"గడ్డి కాలితే మల్ల కోసుకుంటం. నీళ్లు వస్తయి, తీస్తయి" అనేది అవ్వ. "పోతే మల్ల రానిది పోతుంటే చెప్పు... గప్పుడు దించుత."

నాకు ఏడో తరగతి అయింది. ఆపై చదువు హుజూరాబాద్‌లో. అక్కడున్న మేనత్త తన ఇంట్లో ఉంచుకుంటానంది. బాపు కూడా సరేనన్నాడు. తీరా బయలుదేరాల్సిన పొద్దున మనసు మార్చుకున్నాడు. ఊళ్లో ఏ ఆడపిల్లా అట్లా పోలేదు, నలుగురూ ఏమంటారో... "వచ్చే ఏడు చూద్దాం తియ్" అని ఎడ్లను తోలుకుని చేనుకు పోయాడు.

నేను మూట కింద కూర్చుని ఏడ్చాను. ఈసారి పిండి కోసం కాదు. నాకంటే పెద్దపిల్లలకు కూడా వాళ్ల ఇళ్లలో ఇదే మాట చెప్పారు. ఆ వచ్చే ఏడు ఏ ఒక్కరికీ రాలేదు.

అవ్వ నన్ను జర పక్కకు జరగమంది. చెయ్యి చాచి మూట దించింది.

మధ్యాహ్నం బాపు అన్నానికి వచ్చాడు. కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే ఖాళీ చిలుకొయ్య కనబడింది. మొహం పాలిపోయింది. గోడవార ఉన్న గొడ్డలి అందుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమైందే... ఎవరొచ్చిండ్రు?"

అవ్వ పెనం మీద రొట్టె తిప్పేస్తూ చెప్పింది. "ఎవరు రాలే. పిల్ల చదువు పోతున్నది."

బాపు గొడ్డలిని మెల్లగా గోడకు ఆనించి, తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. మనిషిని ఇంత పరేషాన్ చేస్తారా అని గొణుగుతూ రొట్టె తిన్నాడు...

సాయంత్రం బస్సుకు ఆ మూట మోసింది ఆయనే, నన్ను దించి వచ్చాక మళ్లీ కొయ్యకు తగిలించిందీ ఆయనే. దారిలో విప్పి నాకు పెట్టి, తనూ గుప్పెడు పిండి నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు. "గొర్రె వాసన వస్తున్నది గదా బిడ్డా... గిన్నేండ్లు ఎట్ల తిన్నవే?"

ఇప్పుడు ఆదిలాబాద్ అవతల ఒక బడిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మా అన్నకు ఇష్టం లేదు. ఊరుగాని ఊరు, చుట్టూ అడవి, ఏదన్నా ఆపదైతే దిక్కెవరు అంటాడు. చిన్నప్పటి నుంచి దీని చూపు వెనక తలుపు మీదే అని కూడా అంటాడు. బాపు ఏదో అనబోయి, చిలుకొయ్య వైపు చూసి మాట మింగేశాడు.

ఈసారీ మూట దించుతావా అని అవ్వను అడిగాను.

"ఎందుకు? గప్పుడు నువ్వు చిన్న పిల్లవు. గిప్పుడు నీ కాళ్లు నీకున్నయి."

ఆ వెనక తలుపు ఇప్పుడు లేదు... అన్న అక్కడ గోడ పెట్టించి వడ్ల బస్తాలు వేశాడు. చిలుకొయ్య మిగిలింది, మూట మిగిలింది. అన్న పిల్లలకు పండగ పిండి తెలుసుగాని, గొంగడి వాసన పట్టిన పిండి ఇస్తే ఉమ్మేస్తారు...

మీ ఇళ్లలో ఏ తలుపు పక్కన ఏం వేలాడేదో, మీ అమ్మలు దాన్ని దేనికి దించారో, దేనికి దించలేదో నాకు రాయండి. ఈ ఊరికి మాత్రం రాయకండి.

సోమవారం పొద్దుటి బస్సుకు నేను ఆదిలాబాద్ వెళుతున్నాను.