కాలువ నీళ్లు పోసిన ఇంజను

అల్యూమినియం ఇంజను మంచిదా, ఇనుప ఇంజను మంచిదా అని మా వీధి డ్రైవర్లు ఇప్పటికీ నన్ను అడుగుతారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. నేను బడిలో నాలుగో తరగతి దాటలేదు. లారీల కింద పడుకుని, చిరిగిన కన్నడ పుస్తకాల్లో బొమ్మలు చూసి ఇంజను నేర్చుకున్నవాణ్ణి. ఇంజను పైన మూతలా ఉండే ఇనుప హెడ్డు దించాలంటే ఇద్దరం పట్టేవాళ్లం, నడుములు పోయేవి. అల్యూమినియం హెడ్డును ఒక్కడే ఎత్తి బల్ల మీద పెట్టొచ్చు. బండి బరువు తగ్గుతుంది, డీజిలు తక్కువ తాగుతుంది, పొద్దున్నే తొందరగా వేడెక్కి దారికొస్తుంది. కాదనను. కానీ బోల్టు కాస్త ఎక్కువ బిగిస్తే మరలు ఊడొస్తాయి. ఉప్పునీళ్లు పోస్తే లోపల తినేస్తాయి. వేడి ముదిరితే వంగిపోతుంది. అమ్మేవాడు ఇవేవీ చెప్పడు, తేలిక తేలిక అని పాట పాడతాడు. ఆ కోపం నాకింకా పోలేదు. అయినా ఇందులో సగం నాకు తెలిసింది ఒక బండి పాడయ్యాకే. పాడు చేసింది నేనే.

మా అల్లుడు చిన్న గూడ్స్ బండి కొన్నాడు. మోక ఊరి చుట్టుపక్కల ఇళ్లలో కుట్టిన జీన్స్ ప్యాంట్ల మూటలు ఎత్తుకుని బళ్ళారిలో ఉతికే యూనిట్‌కు చేర్చడం అతని పని. పదింటికల్లా మూటలు దిగాలి. దిగకపోతే ఆ పని వేరే బండికి పోతుందని యూనిట్ మేస్త్రీ ముందే చెప్పాడు. ఇల్లు దాని మీదే నడిచేది.

ఒకరోజు నేనూ ఎక్కాను. మోక దాటి కొంత దూరం వచ్చామో లేదో, వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి పోయింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. హోసు క్లిప్పు వదులై నీళ్లన్నీ కారిపోయాయి. ముందురోజు ఆ క్లిప్పు బిగించింది నేనే. అల్లుడు గంటసేపు ఆగుదామన్నాడు. చల్లారాక కంపెనీ కూలెంటు, ఆ పచ్చనీళ్లే పోయాలట.

"పచ్చనీళ్లంట. నలభై ఏండ్లు కాలువ నీళ్లే తాగినాయి మా లారీలు. పదింటికి నువ్వు యాడుంటావు?" అన్నాను.

"బేడ మామా, వద్దు. ఇది ఆ ఇంజను కాదు."

నేను వినలేదు. క్లిప్పు మళ్లీ బిగించి, తడిపిన గోనెసంచి రేడియేటరు మూత మీద వేసి తిప్పాను. బిందెడు కాలువ నీళ్లు తెచ్చి, కాగుతున్న ఇంజనులో పోశాను. లోపల టక్కుమంది. ఆ శబ్దం నాకు తెలుసు, తెలియనట్టు నిలబడ్డాను.

బండి బళ్ళారి దాకా తెల్లపొగ కక్కుతూ పోయి, ఒక షెడ్డు ముందు ఆగింది. మెకానిక్కు హెడ్డు విప్పి, దాని మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, వెనక ఫోను లైటు వేశాడు.

"చూడు తాతా, సందులో వెలుతురు కనపడతాండాది. వంగిపోయిండాది. ఎవరప్పా, కాగే ఇంజనుకు చల్లనీళ్లు పోసింది?"

"నేనే పోస్తినప్పా, తొందరలో," అన్నాడు అల్లుడు, నా వైపు చూడకుండా.

ఊరుకుంటే నా పరువు దక్కేది. కానీ అతని ముఖం చూసి ఊరుకోలేకపోయాను.

"అబద్ధం. పోసింది నేను. ఆయప్ప వద్దనే అన్నాడు."

మెకానిక్కు నవ్వలేదు. నవ్వితే బాగుండేది. ఇనుమైతే ఓర్చుకుని ఉండేదేమో తాతా అని మెల్లగా అన్నాడు. ఓర్చుకున్న ఇంజన్లను చూసి నా విద్య గొప్పదనుకున్నాను ఇన్నేళ్లూ.

హెడ్డు చదును చేయించి బిగించేసరికి వారం పట్టింది. ఈలోగా మూటలు వేరే బండికి అలవాటు పడ్డాయి. అల్లుడు ఇప్పుడు కోతల కాలంలో వడ్ల బస్తాలు తోలుతాడు, మిగతా రోజులు మార్కెట్టు ముందు కిరాయి కోసం నిలబడతాడు. నన్ను ఒక్క మాట అనలేదు. బండిలో ఎక్కించుకుంటాడు, టీ తాగిస్తాడు. బానెట్ ఎత్తినప్పుడు మాత్రం, "నువ్వు నీడన కూర్చో మామా" అంటాడు. కూర్చుంటాను.