జంపక్క అడుగు

గోదారి ఏటా కొంత నేల తీసుకుపోతుంది, ఏటా కొంత తిరిగి ఇస్తుంది. తీసుకున్నదే ఇస్తానని మాత్రం ఎన్నడూ మాట ఇవ్వలేదు. బూర్గంపాడు మండలంలో ఒడ్డు మీదున్న తునికిగుంపు అనే కోయ పల్లెలో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. వరద తీశాక ఒడ్డున ఒండ్రు మేట వేస్తుంది. నిరుడు బొబ్బర్లు పండిన చోట ఈసారి నీళ్లుంటాయి, నిరుడు నీళ్లున్న చోట ఈసారి దోసపాదులు పెట్టొచ్చు. ఆ నేలకు పట్టాలు లేవు, హద్దురాళ్లు పాతినా నిలవవు. అందుకని దసరా దాటి, బురద గట్టిపడి కాలు మోపనిచ్చే వేళకు ఊరంతా ఒడ్డున చేరి మేటను కొత్తగా పంచుకుంటుంది. ఆ పంపకానికి కొలత జంపక్క అడుగు.

టేపు కొనుక్కోవచ్చు కదా అని బయటివాళ్లు అడుగుతారు. టేపును ఇద్దరు పట్టుకోవాలి, ఆ ఇద్దరూ ఎవరికో ఒకరికి చుట్టాలై ఉంటారు. అడుగుకు ఆ బాధ లేదు. ఇంటికి నలభై అడుగుల వెడల్పు, కొలిచిన మనిషికి చివర మిగిలిన ముక్క. అడుగు సాగితే కొలిచేవాళ్లకే మిగలదు, కుదిస్తే ఊరు ఊరుకోదు. అందుకే జంపక్క వెనకాల ఆమె వదిన కొండమ్మ నడుస్తుంది. ప్రతి అడుగునూ పైకి లెక్కపెడుతూ, మధ్యమధ్య "మొగుని మీద కోపం నా చేను మీద చూపకు" అని హెచ్చరిస్తూ.

జంపక్క నిజాయితీ చూసి ఊరు ఆమెను ఎన్నుకుందని ఎవరైనా రాస్తే నమ్మనక్కర్లేదు. నిజాయితీపరులు ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్ల నడకే బాగాలేదు. జంపక్కది పదేళ్ల వయసు నుంచి నెత్తిన నీళ్లు, తునికాకు, ఇప్పపువ్వు మోసిన నడక. నిండు బిందె తొణకకుండా నడిచే మనిషి అడుగు పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే. ఒక్క ఏడు మాత్రం తప్పింది. మడమలో తుమ్మముల్లు విరిగిందని చెప్పకుండా కొలవడానికి దిగింది. అందరి ముక్కలూ ఇరుకై, చివర ఎవరూ ఊహించనంత నేల మిగిలింది. కొండమ్మ ఆమెను ఇసుకలో కూర్చోబెట్టి, కాలు పైకెత్తి, ముల్లు బయటికి తీసి ఊరందరికీ చూపించింది. మిగిలిన నేలలో అందరూ కలిసి పుచ్చ వేశారు. మాఘమాసమంతా ఊరికి ఊరు పుచ్చకాయలే తిన్నది. ఇప్పటికీ తునికిగుంపులో ఎవరి వయసైనా ముల్లు ఏటికి ముందా, తర్వాతా అని చూసి చెబుతారు.

రెండువేల ఆరు ఎండాకాలంలో ఈ ఒడ్డు మీదికి ఒక పథకం వచ్చింది. భద్రాచలం వంతెన దగ్గర్నుంచి ఒడ్డు వెంబడి స్తంభాల మీద రైలు, దాని పక్కనే పన్నెండంతస్తుల భవనాలు, యాత్రికులకు లాడ్జీలు, ఎకరంలో వందల కుటుంబాలు. హైదరాబాదు కంపెనీ ఒకటి దానికి ముచ్చటపడి అచ్చతెలుగు పేరు పెట్టింది. ఊరి మొదట్లో రేకు బోర్డు నిలబెట్టారు: "ఏటి ఒడ్డు". కింద బొమ్మలో తెల్లగా మెరిసే ఇళ్లు, ఊళ్లో ఎవరూ ఎరగని కొబ్బరిచెట్లు.

బోర్డు చూసి కొండమ్మ మెచ్చుకుంది. "కంపెనీవోళ్లు తెలివిగలోళ్లే. ఒడ్డు ఏటికేడు మారుతదని పేరులనే పెట్టుకున్నరు."

తునికిగుంపులో గోదారిని ఏరు అనరు. ఏరంటే వానకు పారి ఎండకు ఎండేది. గోదారి గోదారే. కాబట్టి ఏటి ఒడ్డు అంటే ఊరు ఊరంతా ఏడాది ఒడ్డు అనే అనుకుంది. రైలును, భవనాలను ఏటేటా ఎట్లా జరుపుతారన్నదే వాళ్లకు అంతుపట్టలేదు. పెద్దపెద్ద మిషన్లు ఉంటయిలే అనుకున్నారు.

సర్వేకు తల్లాడ నుంచి వీరబాబు అనే కుర్రాడు మూడుకాళ్ల మిషనుతో వచ్చాడు. అప్పటికి పంటలు ఎత్తేశారు, ఒడ్డు ఎండి బోసిగా ఉంది. అతని ఫారంలో రెండే గళ్లున్నాయి: కట్టడం, ఖాళీ. జంపక్క చేను ఖాళీలో పడింది.

"ఖాళీ అని రాసినవేంది తమ్మీ? దోసకాయలు తిననీకి నెల ముందు రావద్దా?"

"చేను అని రాయనీకి గడి లేదక్కా. నేనేం చేయాలె?"

"గడి లేకుంటే గీసుకో. చేతిల పెన్నున్నది కదా."

వీరబాబు గీయలేదు, ఉద్యోగం కొత్త. కానీ ఆమె అడుగు కథ విని ఊరుకోలేకపోయాడు. ఇసుకలో పదిసార్లు నడిపించి కొలిచాడు. పదిసార్లూ అరవై రెండు సెంటీమీటర్లే. మిషనుకు కూడా ఇంత నిలకడ లేదని నోటుపుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాడు. ఒడ్డు పొడుగునా ఎర్రరంగు పొడవాటి కర్రమేకులు దిగ్గొట్టి వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే జంపక్క ఇంట్లో పార్టీలు రెండయ్యాయి. ఆమె భర్త లచ్చయ్య ఊరందరికన్నా ముందు రైలు పక్షంలో చేరాడు. మొదటి స్టేషనుకు సెక్యూరిటీ గార్డు ఉద్యోగం ఇస్తామని కంపెనీవాళ్లు మాట ఇచ్చి, ముందుగా టోపీ ఇచ్చారు. లచ్చయ్య ఆ టోపీ పెట్టుకుని మేకలు కాశాడు.

"నెత్తిన టోపీ ఉన్నంత మాత్రాన మేకలు నీ మాట ఇంటయా?" అంది జంపక్క.

"నువ్వింటే చాలు. నెలనెలా జీతం వస్తది."

"నా చేను పోతే ఏం తింటవు? టోపీలో వండుకుంటవా?"

ఆమె బెంగంతా తనకు మిగిలే ఆ చివరి ముక్క దగ్గరే ఉంది. అడవిలో పోడు తగ్గింది, కూలి రోజూ దొరకదు. ఏడాదికి సరిపడా పప్పు, మిరప, కూరగాయలు ఆ మేట మీదే పండాలి. అయితే ఆమె రైలుకు శత్రువేమీ కాదు. భద్రాచలం దవాఖానాకు పోవాలంటే ఆటో నిండేదాకా రోడ్డు మీద కూర్చునే మనిషి, చక్రాలున్న దేనికైనా దండం పెడుతుంది.

ఈ మాట ఖమ్మం నుంచి వచ్చిన గణేష్‌కు నచ్చలేదు. అతను ప్రాజెక్టులను ఎదిరించే సంఘంలో పనిచేస్తాడు, భుజాన గోనెసంచి వేలాడేస్తాడు. ఊరిని కూర్చోబెట్టి, మీరు అడవితల్లి బిడ్డలు, నదీమాత ఒడిలో పెరిగినవాళ్లు, మీకు బస్సులూ రైళ్లూ ఎందుకు అన్నాడు.

"నేను మా అమ్మ పాపమ్మ బిడ్డను తమ్మీ" అంది జంపక్క. "నువ్వు ఖమ్మం నుంచి నడిచి వచ్చినవా?"

అందరూ నవ్వారు. గణేష్ కూడా నవ్వాడు, అది అతని మంచితనం. ఆ తర్వాత అతని వల్ల నిజంగా ఉపయోగపడిన పని ఒకటి జరిగింది. కంపెనీ ఇంగ్లిషు ప్లాను తెచ్చి, పేజీ పేజీ తెలుగులో చదివి వినిపించాడు. పదిహేడో పేజీలో, సముద్రపు గాలికి తుప్పు పట్టని ఉక్కు వాడతామని ఉంది. ఇరవయ్యో పేజీలో, అలల ఉధృతిని బట్టి గోడ ఎత్తు. ఎక్కడో సముద్రతీరాన ఉన్న నగరం కోసం రాసిన ప్లానును, ఊరిపేరు మార్చి ఇక్కడికి దింపేశారు. కొబ్బరిచెట్ల సంగతి అప్పుడు అర్థమైంది.

శ్రావణంలో గోదారి వచ్చింది. ఆ ఏటి వరద పెద్దది, ఇళ్ల అరుగుల దాకా వచ్చి ఆగింది. పోతూ పోతూ పాత ఒడ్డును కోసుకుపోయి, ఊరికి దిగువన కొత్త మేట వేసింది. వీరబాబు మేకుల్లో నాలుగు మిగిలాయి. అవి కొండమ్మ చిక్కుడుపందిరికి గుంజలయ్యాయి.

ఏజెన్సీ ప్రాంతం గనుక గ్రామసభను అడగకుండా ముందుకు పోవడం కుదరదు. కార్తీకంలో ఒక పొద్దున సభ పెట్టారు. ఒండ్రు పంపకానికి ఊరు ముందే అనుకున్న రోజు అదే కావడంతో, సభ కూడా ఒడ్డు మీదే జరగాలన్నారు. కంపెనీ మేనేజరు బూట్లతో ఇసుకలో దిగబడుతూ వచ్చాడు. మద్దిచెట్టుకు మ్యాపు వేలాడదీసి గంటసేపు మాట్లాడి, ఏమైనా సందేహాలుంటే అడగండి అన్నాడు.

జంపక్క లేచింది. "ఇది ఏ ఏటి ఒడ్డు సారూ?"

"ఏ ఏరేంటమ్మా, గోదావరే కదా."

"గోదారి ఒక్కటే ఉన్నది, నాకూ ఎరుకే. ఏ ఏటిదని అడుగుతున్న. నిరుటిదా, ఈ ఏటిదా, వచ్చే ఏటిదా?"

ఆమె వెటకారం చేయలేదు. బోర్డు చూసిన నాటి నుంచి మనసులో ఉన్న ప్రశ్న అది. మేనేజరు మ్యాపు మీద గోదావరి గీతను మళ్లీ చూపించాడు. కొండమ్మ కలగజేసుకుని, "ఒడ్డు జరిగినప్పుడల్లా బిల్డింగులు జరపనీకి ఏం మిషన్లు తెస్తరని మా జంపక్క అడుగుతున్నది" అని విడమర్చింది.

"బిల్డింగులు జరగవమ్మా. ఎక్కడ కడితే అక్కడే ఉంటాయి."

సభలో గుసగుసలు లేచాయి. ఊరు ఆరు నెలలుగా కంపెనీకి ఉందనుకున్న తెలివి ఆ ఒక్క మాటతో పోయింది.

"మరి మొదటి స్టేషను ఎక్కడొస్తది?" జంపక్క అడిగింది.

మేనేజరు మ్యాపు మీద వేలు పెట్టాడు. మద్దిచెట్టు నుంచి తిన్నగా నదివైపు నూట ఇరవై మీటర్లు. మేనేజరుతో వచ్చిన వీరబాబు వెనకాల నిలబడి నోటుపుస్తకం తిప్పి చూసుకున్నాడు. "నీ అడుగులు నూట తొంభై మూడు అక్కా" అన్నాడు, మేనేజరువైపు చూడకుండా.

జంపక్క మద్దిచెట్టుకు మడమ ఆనించి బయల్దేరింది. అలవాటు కొద్దీ కొండమ్మ వెంట నడిచింది, ఊరంతా గొంతు కలిపి లెక్కపెట్టింది. నూరు దాటాక ఇసుక తడిసింది. నూట ఇరవైకి చీలమండలు మునిగాయి. నూట నలభై దగ్గర మోకాలి లోతు నీళ్లలో జంపక్క ఆగి వెనక్కి తిరిగింది.

"ఇంక యాభై మూడు అడుగులున్నయి సారూ. టికెట్టు ఈడనే ఇస్తరా, ఈది రావాల్నా?"

ఒడ్డు మీద నవ్వులు ఎంతకీ ఆగలేదు. మేనేజరు చెయ్యెత్తి, మట్టి పోసి ఎత్తు చేస్తామని చెప్పాడు.

"ఏ ఏడు పోస్తరు?" అంది నీళ్లలోంచి జంపక్క. మళ్లీ నవ్వులు.

అప్పుడు టోపీతో లచ్చయ్య లేచాడు. రైలు పక్షానికి మిగిలిన గట్టి మనిషి అతనే. గంభీరంగా అడిగాడు. "సారూ, నా డ్యూటీ ఎక్కడ?"

"మొదటి స్టేషను గేటు దగ్గరే. చెప్పాం కదా."

లచ్చయ్య నదిలో నిలబడ్డ పెళ్లాంవైపు చూశాడు. ఆమె అవతల ఇంకా యాభై మూడు అడుగుల నీళ్లవైపు చూశాడు. టోపీ తీసి, దుమ్ము దులిపి మేనేజరు చేతిలో పెట్టాడు.

"నాకు ఈతొస్తది సారూ. కానీ పన్నెండు గంటల డ్యూటీ ఈదలేను."

చేతులెత్తమంటే ఊరంతా ఎత్తింది. పథకం వద్దన్న చేతుల్లో లచ్చయ్య చెయ్యి అందరికన్నా పైన ఉంది. పంచాయతీ కార్యదర్శి తీర్మానం రాశాడు. ఏ ఏటి ఒడ్డో తేలేదాకా నేల ఇవ్వం, తేలదని మాకు తెలుసు, అని జంపక్క చెప్పినట్టే. నదీమాత గురించి ఒక వాక్యం కలపమని గణేష్ బతిమాలాడు. దాని బదులు జంపక్క, ఊరి రోడ్డు మీద పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బస్సు నడపాలని రాయించింది. కంపెనీ ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. బస్సు మాత్రం ఏడాదిన్నరకు వచ్చింది, అదీ పొద్దుటిది ఒక్కటే.

సంతకాలు, వేలిముద్రలు పూర్తయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఎట్లాగూ ఊరంతా చేరింది, ఇక ఆలస్యమెందుకని జంపక్క చీర కుచ్చెళ్లు దోపి కొత్త మేట మొదట్లో నిలబడింది. మేనేజరు మ్యాపు చుట్టుకుంటూ అక్కడే ఉన్నాడు. ఒకటి, రెండు అని కొండమ్మ మొదలుపెట్టింది. పద్ధతి ప్రకారం మొదటి ముక్క లెక్కపెట్టే కొండమ్మదే. ముప్పై నాలుగు దగ్గర జంపక్క ఆగిపోయింది.

"సారూ, జర పక్కకు జరుగుండ్రి. మా వదినె చిక్కుడు మీద నిలబడ్డరు."

మేనేజరు కంగారుగా కాళ్లకింద చూసుకున్నాడు. "ఇక్కడేం లేదు కదమ్మా. అంతా ఖాళీ."

"ఎల్లుండి పెడతది" అంది జంపక్క.

మేనేజరు రెండు కాళ్లూ ఎత్తెత్తి వేస్తూ పక్కకు జరిగాడు. ఆమె ముప్పై అయిదో అడుగు వేసింది.