పంచుకున్న మందు

ఆ ఇంట్లో దగ్గు మొదట వచ్చింది ఐలేశానికి. కంచం వేరుపడింది మాత్రం అతని భార్య రాజమణికి. పోచంపల్లి దగ్గరి వాళ్ల పల్లెలో నేతగాడికి క్షయ అని తెలిస్తే సావుకారి నూలు ఇవ్వడు. అందుకే, తనకు దగ్గులో నెత్తురు పడ్డ రోజున అత్త నర్సింగమ్మ "మీ తల్లిగారింటికెంచి తెచ్చినవ్ గీ రోగం" అని పశువుల కొట్టంలోకి పంపినా, దగ్గు ముందు భర్తకే వచ్చిందని రాజమణి బయటపెట్టలేదు.

తాలూకా దవాఖానలో రాజమణికి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు వేశారు. ఆ తర్వాత ఏడాదిపాటు మింగమని రెండు రకాల గోలీలు ఇచ్చారు. చిన్నది ఐసోనయాజిడ్, పెద్దది పాస్. ఆమెకు దగ్గు తగ్గింది, ఐలేశానికి ముదిరింది. నేత ఇళ్లలో ఏ పనీ ఒక్కరిది కాదు. ఆమె కండెలు చుడితే అతను నేస్తాడు, రంగు అద్దే ముందు నూలుకు చిటికి ముడులు ఇద్దరూ కడతారు. మందునూ అలాగే పంచుకున్నారు. చిన్నది ఆమెకు, పెద్దది మగ్గం తొక్కే మనిషికి.

మందు మొదలైన ఐదో నెలలో ఆమెకు మళ్లీ నెత్తురు పడింది. పరీక్షలో తెమడ నిండా క్రిములే.

"గోలీలు రెండూ మింగుతున్నవా అక్కా?" దవాఖాన కాంపౌండర్ యోహాను అడిగాడు.

తలుపు అవతల ఐలేశం దగ్గు ఆపుకుంటున్నాడు. చెబితే నూలు పోతుంది, చెప్పకుంటే ప్రాణాలు పోతాయి. రాజమణి కొంగు నలిపింది.

"పెద్దయి ఆయన మింగుతుండు సారూ."

"ఎందుకు? పెద్దమనిషనా?" యోహాను నవ్వబోయి ఆగిపోయాడు. "చిటికి కట్టిన నూలు రంగుల ముంచితే ఏమైతది?"

"కట్టినకాడ రంగు దిగది."

"పురుగులల్ల గూడ గసొంటివి కొన్ని ఉంటయి. చిన్నగోలికి చావనివి పెద్దగోలికి చస్తయి. పెద్దగోలికి చావనివి చిన్నగోలికి చస్తయి. రెండూ ఒక్క కడుపుల పడాలె. ఒక్కటే మింగితే దానికి చావనివి మిగిలి, గవే పెరుగుతయి. మీరిద్దరు గదే చేసుకున్నరు."

ఐలేశం లోపలికి వచ్చాడు. "నా తెమడ గూడ చూడుండ్రి సారూ. ఇగ దాసేదేమున్నది."

అతనికీ క్షయే. రోజూ దవాఖానలో సూదులు మొదలుపెట్టారు. చిన్నగోలి ఆమెకు ఇంకా పనిచేస్తుందో లేదో తేల్చడానికి తెమడను హైదరాబాదు పంపారు. జవాబు రావాలి. ఈలోపు సావుకారి సంగతి తెలుసుకుని నూలు ఆపేశాడు. "కూలికి పోవాలె. దినాం దవాఖానకు వస్తే తిండెట్ల?" అంటున్నాడు ఐలేశం. అతను సూదులు మానేస్తే రోగం ఆ ఇంటితో ఆగదు.

నేతన్నలారా, వచ్చే సోమవారం మన చేనేత సంఘం కూర్చుంటున్నది. రండి. మందు తినే నేతగాడికి నూలు ఆపకూడదని తీర్మానం రాయించండి. ఐలేశానికి ఆ రోజే సంఘం నూలు ఇప్పించండి. మీ ఇంట్లో ఎవరైనా నెలకు మించి దగ్గుతుంటే, దాచకుండా దవాఖానకు తోలుకపోండి.