అప్ప ఇంటికి పట్టాల్లేని దారి

యాభై మూడేళ్ళ వయసులో సైకిలేమిటమ్మా అని మా వీధిలో నవ్వనివాళ్ళు లేరు. నవ్వుకోనీ, నాకేం పోయె! పెట్రోలు కోసం బంకు ముందు కార్లలో కునికిపాట్లు పడేవాళ్ళ కంటే నేను నయం. రంగూన్ పజుండౌంగ్ పేట‌లో మేడమెట్ల కింద చిన్న కొట్టు నాది. ముప్పై ఏళ్ళుగా బడిపిల్లల ఆకుపచ్చ లుంగీలు కుడుతున్నాను. నడుం వంగింది గానీ కాళ్ళలో సత్తువ ఇంకా ఉంది. ఆ కాళ్ళతో ఒక్క చోటికి వెళ్ళాలి. మా అప్ప ఇంటికి. వెళ్ళి ఆమె చేతి నీళ్ళు తాగాలి. ఇంత చిన్న పనికి తొమ్మిదేళ్ళు పట్టిందంటే నా తలపొగరు ఎంతటిదో మీరే చూసుకోండి.

అప్ప అంటే అక్క. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన తాతల మాట, రంగూన్‌లో మూడు తరాలు గడిచినా మా నోట్లోంచి పోలేదు. అప్ప నాకంటే ఆరేళ్ళు పెద్ద. అమ్మ పోయేనాటికి నాకు ఐదేళ్ళు, ఆమెకు పదకొండు. తనే నాకు తల దువ్వింది, అన్నం పెట్టింది, మాట వినకపోతే వీపు చీరేసింది. నా కాలు ఆమె మీద వేస్తే గానీ నాకు నిద్ర పట్టేది కాదు.

ఇరవై రెండో ఏట అప్ప ఒక గ్యాంగ్‌మన్‌ని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. రైలుపట్టాల కింద కంకర సర్దడం, వదులైన మేకులు బిగించడం అతని పని. తెలుగువాడే, మన మాటే మాట్లాడతాడు, కానీ బాప్టిస్టు. పెళ్ళి చర్చిలో జరిగింది. అహ్లోన్ పేట‌లో బియ్యం మిల్లు బస్తాలు మోసే మా అయ్య భుజం మీద తువ్వాలు దులిపి, "ఆ ఇంటి కాకి ఈ ఇంటి మీద వాలకూడదు" అన్నాడు. అన్నాడే గానీ ప్రాణం ఊరుకుందా? ఏడాది తిరక్కుండానే నన్ను వెంటబెట్టుకుని నది దాటి రైలెక్కాడు. నాలుగో స్టేషన్లో దిగితే పట్టాల పక్కనే అప్ప ఇల్లు. అయ్య ఇంటిదాకా రాలేదు, రైలుకట్ట కింద తూము గోడ మీద కూర్చున్నాడు. అప్ప ఇత్తడి గ్లాసుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"దాగం నేదు" అన్నాడు అయ్య.

మిట్టమధ్యాహ్నం, మార్చి ఎండ, దాహం లేదట! ఆ గ్లాసు నేనే లాక్కుని గటగటా తాగేశాను. అయ్య నన్నేమీ అనలేదు. తిరుగు రైలు వచ్చేదాకా అప్పని చూస్తూ కూర్చుని, రైలు రాగానే లేచాడు. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. అయ్య వద్దనలేదు. తిరిగొచ్చాక "అక్కడ వానలు పడ్డాయా" అని మాత్రం అడిగేవాడు. నేను పెళ్ళి ఊసు ఎత్తకుండా ఆయనకు వండిపెడుతూ ఉండిపోయాను.

తొమ్మిదేళ్ళ కిందట అయ్య పోయాడు. రెండేళ్ళు మంచం మీద ఉండి పోయాడు. ఆ రెండేళ్ళూ ఆయన్ని వదిలి అప్ప దగ్గరికి కదల్లేకపోయాను. అప్పకి కబురు పెడదామంటే ఫోను నంబరు లేదు, దహనం ఆపే వీలూ లేదు. నాలుగో రోజు నేను బయల్దేరుతుంటే మా మేనత్త నన్ను పట్టుకుని ఆపింది.

"ఒలే గుంటా, సావు కబురు ఎట్టుకెల్తన్నావు. గడప తొక్కకు. నీల్లు ముట్టకు. బయటే నిలబడి సెప్పీసి ఎనక్కి తిరిగొచ్చీ" అంది.

మాలో ఆచారమది. చావు కబురు మోసుకొచ్చినవాళ్ళు ఎవరింట్లోనూ అడుగు పెట్టరు, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు.

ఆ రోజు రైలు రాలేదు. అప్పటికే అది వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పట్టాల కింది చెక్క స్లీపర్ల మీద అంగలు వేసుకుంటూ నాలుగు స్టేషన్ల దూరం నడిచాను. దారి పక్కన బర్మావాళ్ళు చిన్న పందిళ్ళు వేసి బాటసారుల కోసం కుండల్లో నీళ్ళు పెడతారు, పుణ్యమని. మూడు చోట్ల ఆగి కడుపునిండా తాగాను. ఎవరి కుండో, ఎవరు నింపారో నాకేం తెలుసు? తీరా అప్ప ఇంటి మెట్ల ముందు నిలబడి, "అయ్య పోనాడప్పా, నాల్రోజులైంది" అన్నాను. అప్ప నా చెమట చూసింది, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ళు చూసింది. లోపలికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, "ముందు తాగే" అంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "వద్దప్పా, మైల" అని చెప్పి, వచ్చిన దారినే తిరిగి వచ్చేశాను.

పెద్దకర్మకి రమ్మని మనిషిని పంపితే అప్ప రాలేదు. ఏడాది తద్దినానికీ రాలేదు. చర్చికి పోయేవాళ్ళకి మన తద్దినాలెందుకులే అని నేనూ మూతి ముడుచుకున్నాను. ఈలోగా ఆ లైను మూసేశారు, పట్టాలు ఎత్తేశారు. రైలు లేదు కాబట్టి వెళ్ళలేదని చెప్పుకోవడానికి నాకొక వంక దొరికింది.

మొన్న వానాకాలానికి ముందు పన్నునొప్పి మందు కోసం ఊళ్ళోకి వచ్చిన బావ, అదే మా అప్ప మొగుడు, వెతుక్కుంటూ నా కొట్టు ముందుకు వచ్చి నిలబడ్డాడు. జుట్టంతా ముగ్గుబుట్టయింది.

"లోపలికి రమ్మంతావా మరదలా, నేపోతే ఇక్కడే నిలబడి సెప్పీసి పోవాలా?" అని నవ్వాడు.

బావకి వేళాకోళం ఎప్పుడూ ఎక్కువే. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. స్టూలు వేసి టీ తెప్పించి, అప్ప నాతో ఎందుకు మాట్లాడదో చెప్పమన్నాను. పన్నునొప్పికి దవడ పట్టుకునే టీ ఒక గుక్క మింగి చెప్పాడు.

"మీ అప్ప ఒకటే మాటంటాది. అయ్య నాకు అయ్య కాడా? ఆ మైల నాది కాదా? ఒక కడుపున పుట్టినోలం, ఒకలి మైల ఇంకొకలికి అంటుతాదా? పరాయోల్లకి సెప్పినట్టు గడప కాడ నిలబడి సెప్పీసి పోనాది, అంటాది."

ఇంత చిన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు. ఆ ఆచారం పరాయి ఇళ్ళకి. తండ్రి పోతే కూతుళ్ళిద్దరికీ ఉండేది ఒకే మైల, ఒకరిని ముట్టుకుంటే ఇంకొకరికి కొత్తగా అంటేదేమీ లేదు. ఆ రోజు నేను లోపలికి పోయి, ఆమె పక్కన కూలబడి, ఇద్దరం కలిసి ఏడవాల్సింది. బయట నిలబడ్డానంటే, నువ్వు ఆయన కూతురివి కావని ఆమె ముఖం మీద చెప్పినట్టే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటారు. బావ నంబరు ఇచ్చాడు, చేశాను కూడా. నా గొంతు వినగానే అప్ప ఫోను బావ చేతికిచ్చేసింది. పోనీ మాట్లాడినా, నీళ్ళు ఫోనులో తాగలేం కదా! బస్సు ఎటో చుట్టూ తిరిగి సగం దూరంలోనే దింపేస్తుందట. "వానలు తగ్గేక కట్ట మీద సైకిలు పోతాది" అని బావ చెప్పాడు. పాత సైకిలొకటి కొని, పొద్దుటిపూట వాగు ఒడ్డున తొక్కడం నేర్చుకున్నాను. రెండుసార్లు పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. వీధివాళ్ళకి మంచి కాలక్షేపమైంది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున్నే సైకిలుతో సహా పడవెక్కి నది దాటాను. అవతల ఒడ్డున రైలు బయల్దేరే చోట ఇప్పుడు కూరగాయల అంగడి. దాని వెనక నుంచి కట్ట మొదలవుతుంది. పట్టాలు లేవు, స్లీపర్లూ లేవు. కంకర మిగిలింది, కంకర మధ్యన కాళ్ళూ సైకిళ్ళూ తిరిగి పడిన జానెడు బాట మిగిలింది. రెండు పక్కలా పండబోతున్న వరి. దూరంగా బాతుల మంద ఒకటి గోలచేస్తూ కాలవ దిగుతోంది. ఊళ్ళలో ఇళ్ళ ముందు మెట్లన్నీ స్లీపర్లే, పశువుల పాకలకు గుంజలూ స్లీపర్లే. బావ చేత్తో మేకులు కొట్టినవి వాటిలో ఎన్ని ఉన్నాయో.

రైల్లో వెళ్ళినప్పుడు ఈ ఊళ్ళు కిటికీ పక్కనుంచి ఇట్టే జారిపోయేవి. అప్పట్లో నాకు తొందర. సంచిలో అప్పకి కుట్టిన జాకెట్లుండేవి, డబ్బాలో చింతకాయ పచ్చడి ఉండేది, ఎప్పుడు దిగుతానా అని ఉండేది. ఇప్పుడు సైకిలు నడిచినంతే దారి నడుస్తోంది. ప్రతి వంపూ నాకు గుర్తుంది. ఇక్కడ రైలు కూతపెట్టేది, ఇక్కడ నెమ్మదించేది, ఇక్కడ నేను లేచి సంచి భుజానికి తగిలించుకునేదాన్ని. అప్పా, నిన్ను చూడాలని ఉందే అని పైకే అనేశాను. గట్టు మీద గేదె తలెత్తి చూసింది. వినేవాళ్ళు లేరు కదా అని ఇంకోసారి గట్టిగా అన్నాను. కళ్ళు మసకేసి సైకిలు కంకర్లోకి పోయింది, దిగి మొహం తుడుచుకోవాల్సి వచ్చింది.

రెండో స్టేషను దాటాక వంతెన. ఇనుప దూలాలున్నాయి, వాటి మీద ఊరివాళ్ళు వెదుళ్ళు పరిచి కట్టారు. కింద బురదనీళ్ళు. సైకిలు పట్టుకుని అక్కడే ఆగిపోయాను. ఎదురుగా కావిడితో వస్తున్న బర్మా ముసలమ్మ నన్ను చూసి పడీపడీ నవ్వింది. "తమీ, కిందికి చూడకు" అంది. తమీ అంటే అమ్మాయీ అని. కావిడి దించి, వెనక్కి తిరిగి, నా సైకిలు ముందు చక్రం పట్టుకుని అవతలికి దాటించింది. అక్కడే పందిరి కింద నీళ్ళకుండ ఉంటే, ముంచి నాకు అందించింది. నాలుక పిడచకట్టుకుపోతోంది. అయినా వద్దన్నాను. ఈసారి దాహాన్ని అప్ప ఇంటిదాకా మోసుకెళ్ళాలని మొండికేశాను. ముసలమ్మకి కోపమొచ్చినట్టుంది, ఆ నీళ్ళు తనే తాగేసి కావిడి ఎత్తుకుంది. మూడో స్టేషను దగ్గర వానలకు కట్ట కోసుకుపోయింది. అక్కడ సైకిలు భుజాన వేసుకుని పొలంలోకి దిగి, బురదలోంచి మళ్ళీ కట్టెక్కాను.

నాలుగో స్టేషన్లో మిగిలింది సిమెంటు అరుగొక్కటే. దాని మీద వడ్లు ఎండబోసి ఉన్నాయి. ఒక ముసలావిడ వడ్లలో కాళ్ళీడుస్తూ కలియబెడుతోంది. బర్మా లుంగీ, చెంపలకు చందనంలా అరగదీసి పూసుకున్న తనకా చెక్క గంధం. దగ్గరకు వచ్చేదాకా అప్పని పోల్చలేదు నేను. నా అప్పకి జుట్టు నల్లగా, వీపంతా ఉండేది.

ఆమె నన్ను ఒక్క చూపులో పోల్చింది. కాళ్ళు ఆగిపోయాయి. మొహంలో నెత్తురు లేదు.

"ఎవులు పోనారే?" అంది.

తొమ్మిదేళ్ళ తర్వాత నన్ను చూసి మా అప్ప అన్న మొదటి మాట అది. ఈ కట్ట మీద నేను కనబడ్డానంటే ఎవరో చచ్చారనే ఆమెకు.

"ఎవులూ పోనేదప్పా. దాగమేసింది. నీల్లియ్యి."

అప్ప అరుగు దిగి ఇంటివైపు నడిచింది. సైకిలు అక్కడే పడేసి వెనకాలే వెళ్ళాను. ఎవరూ రమ్మనకుండానే మెట్లెక్కి, గడప దాటి, వంటింట్లో నేల మీద చతికిలబడ్డాను. అప్ప కుండలో ముంచి ఇచ్చింది. తాగాను. మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ తాగాను. మూడో గ్లాసుకి ఏడుపొచ్చి నీళ్ళన్నీ జాకెట్టు మీద ఒలికాయి. "మెల్లిగా, పొలమారీగల్దు" అంది అప్ప. అప్పుడు నా ఎదురుగా కూర్చుంది.

చాలాసేపటికి, "అయ్య ఆకర్న ఏటన్నాడే?" అని అడిగింది.

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఇది. ఇది రాస్తూ కూడా ఇక్కడిదాకా దాచుకొచ్చాను. ఆ రోజు నేను మైల అన్నది ఒట్టి అమాయకత్వంతో కాదు. రెండేళ్ళు అయ్య ఒళ్ళు తుడిచింది నేను, మంచం కింద బేసిను తీసింది నేను. చివరి రోజు పొద్దున తల ఎత్తి పట్టుకుని నీళ్ళగ్లాసు నోటికి అందిస్తే, కళ్ళు తెరిచి నన్ను చూసి "వొచ్చినావా, పెద్దమ్మీ" అన్నాడు. పెద్దమ్మి అంటే అప్ప. నన్ను ఎప్పుడూ చిన్నమ్మీ అనే పిలిచేవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చాకిరీ నాది, పిలుపు ఆమెకా? ఆ మంటతోనే అప్ప ఇంటిదాకా నడిచాను, ఆమెకు దక్కాల్సిన ఆ ఒక్క మాటా దక్కకుండా కడుపులో పెట్టుకుని తిరిగొచ్చాను. మేనత్త చెప్పిన ఆచారం నాకు అనుకూలంగా దొరికింది, అంతే.

"నన్ను సూసి నీవే అనుకున్నాడప్పా" అన్నాను. "వొచ్చినావా పెద్దమ్మీ అన్నాడు. నాను కాదననేదు. ఆ నీల్లు నీ సేతివే అనుకున్నాడు."

అప్ప నా మొహంలోకే చూసింది.

"తాగినాడా?" అంది.

"తాగినాడప్పా. గ్లాసుడూ తాగినాడు."