ఎడమ సీటు ఖాళీగా ఉంది

మా డ్రైవింగ్ మాస్టారు పోయి ఈ ఆదివారానికి మూడు వారాలు. ఇది ఇప్పుడే రాయాల్సిన అవసరం ఒకటుంది. ఆయన సగంలో వదిలేసి వెళ్ళిన ఆరుగురు ఆడవాళ్ళ లెర్నర్స్ లైసెన్సుల గడువు నెలాఖరుతో అయిపోతుంది. వాళ్ళకి నేర్పేవాళ్ళు లేరు. లేకపోవడానికి కారణం కూడా ఆయనే. అందుకని ఈ రాతలో బాధతో పాటు విసుగు కూడా కనిపిస్తే మన్నించండి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎదురుగానే విసుక్కున్నాను. పోయారు కదా అని ఇప్పుడు మర్యాద నటిస్తే ఆయనకే నచ్చదు.

పటమటలో ఒక టిఫిన్ హోటలు పక్క సందులో ఉండేది ఆయన స్కూలు. స్కూలంటే ఒక పాత చిన్న కారు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. బోర్డు లేదు. "కనీసం ఫోన్లో వెతికితే కనపడేట్టు పెడతాను మాస్టారూ" అని ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు.

"ఎందుకమ్మాయ్? వెతక్కుండానే వస్తన్నారుగా జనం."

"అవతల వీధిలో స్కూలువాళ్ళు చూడండి, రోజుకో రీలు పెడుతున్నారు."

"రీలు చూసి వచ్చినోడు రీలంతసేపే నేర్చుకుంటాడు."

పోనీ, సాయానికి ఒక మనిషినైనా పెట్టుకోమంటే అదీ వినలేదు. నేర్పే కారుకి ఎడమ సీటు ముందు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. ఆ బ్రేకు మీద తన కాలు తప్ప ఇంకొకరి కాలు పడకూడదన్నది ఆయన పట్టుదల. వ్యాపారం గురించి ఆయనకున్న అభిప్రాయాలన్నీ ఇలాంటివే. ఒక్కటీ వ్యాపారానికి పనికొచ్చేది కాదు.

మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేనే. అమ్మ, నాన్న కంకిపాడు దగ్గర పొలం పనులకి వెళ్తారు. డిగ్రీ అయ్యాక నాకొక పాల డెయిరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. ఊరూరా తిరగాలి. కారు వాళ్ళదే, లైసెన్సు మాత్రం రెండు నెలల్లో నేను తెచ్చుకోవాలి. మా నాన్న కారెక్కింది జన్మలో ఒక్కసారి, ఆసుపత్రికి. నాకు కారు తలుపు ఎంత గట్టిగా వేయాలో కూడా తెలియదు.

మొదటిరోజు మాస్టారు వేసిన ప్రశ్న, "ఫోన్లో కార్ల ఆట ఆడతావా?"

"లేదండీ. మా తమ్ముడు ఆడతాడు, పొద్దస్తమానం."

"మంచిది. ఆ ఆట ఆడేవాళ్ళు, గుద్దినా మళ్ళీ లేస్తాంలే అనుకుంటారు."

నాకు భలే సంతోషమేసింది. వాడికి నాలుగు చీవాట్లు పెట్టిద్దామని తరవాతి వారం తమ్ముణ్ణి వెంటబెట్టుకెళ్ళాను. మాస్టారు వాడి పక్కన కూర్చుని, ఆ ఆట ఎలా ఆడతారో చూపించమని పది నిమిషాలు చూశారు. ఆఖరికి నావైపు తిరిగి, "వీడు వెనకాల ఎవడొస్తన్నాడో చూసుకుంటన్నాడమ్మాయ్. నువ్వు వారం రోజుల్నుంచి ఒక్కసారి అద్దం చూసిన పాపాన పోలా" అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నేను వాణ్ణి చదువుకోమంటే చాలు, "ముందు నువ్వు అద్దం చూడవే అక్కా" అంటాడు.

ఆయనకి అభిప్రాయం లేని సంగతి లేదు. పైకప్పుకి అద్దం ఉన్న కారు కనిపిస్తే చాలు, "మే నెల బెజవాడలో నెత్తిన కిటికీ! పెనం బోర్లించుకున్నట్టు" అనేవారు. గేర్లు మార్చక్కర్లేని కారు కొన్నవాడి ఎడమకాలు ముందే రిటైరైపోయిందనేవారు. అందరూ తెల్లకార్లే ఎందుకు కొంటారంటే, కొన్నరోజే అమ్మే రోజు గురించి ఆలోచిస్తారు కాబట్టి అనేవారు. నా ఉద్యోగాన్నీ వదల్లేదు. మా మేనేజరు ఆదివారం కూడా ఫోన్ చేస్తున్నాడని చెప్పుకుంటే, "ఎత్తేవాళ్ళుంటే చెయ్యడూ?" అన్నారు. ఓదారుస్తారేమోనని చెప్పుకున్న నాదే తప్పు.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది కాలవ గట్టు. వేరే స్కూళ్ళలో గ్రౌండులో ఎనిమిది ఆకారం తిప్పించి పరీక్షకి పంపేస్తారు. మాస్టారు మాత్రం కోతల రోజుల్లో కంకిపాడు అవతల గట్టు మీదకి తీసుకెళ్ళేవారు. దాని మీద ఒక్క బండే పడుతుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పొలం. ఎదురుగా లోడు బండి వస్తే ఖాళీ బండే వెనక్కి పోవాలి. అది అక్కడి పద్ధతి. ఆయనకి కావలసిందీ అదే.

ఆ రోజు ధాన్యం బస్తాల ట్రాక్టరు వచ్చింది. నేను హారన్ కొట్టాను.

"లోడుతో వచ్చేవాడి మీద హారన్ కొడతావా? వెనక్కి పో."

"ఎంతదూరమండీ?"

"గట్టు వెడల్పయ్యేదాకా."

చూస్తే ఆయన రెండు కాళ్ళూ పైకి తీసి సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. బ్రేకు మీద ఎవరూ లేరు!

"మాస్టారూ, కాళ్ళు దించండి!"

"నాకు కాళ్ళు లేవనుకో."

ఏడుస్తూ, మనసులో ఆయన్ని తిట్టుకుంటూ, అద్దం చూస్తూ వెనక్కి పోనిచ్చాను. సగం దూరం వెళ్ళాక కనిపించింది, ఆయన కుడిచెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద ఉంది. నేను చూశానని తెలిసి దాన్ని కూడా తీసి చంకలో పెట్టుకున్నారు. ట్రాక్టరు మమ్మల్ని దాటుతుంటే బస్తాల మీద కూర్చున్న మనిషి వంగి చూసి, "ఏవమ్మాయ్, నువ్వు మా పేట పిల్లవి గదూ! మీ నాన్నకి చెప్తాలే, కారు ఎనక్కి కూడా నడుపుద్దని" అని అరిచాడు. ఆ సాయంత్రం నాన్న ఆ కబురు నాకే తిరిగి మూడుసార్లు చెప్పాడు.

ఇప్పుడు నా ఉద్యోగమంతా ఆ గట్ల మీదే. పాల వ్యాను ఎదురొస్తే చేయి దానంతటదే రివర్స్ గేరు మీదకి పోతుంది. ఇందుకు ఆయనకి సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. చెప్పబోయినప్పుడల్లా నా క్లచ్ గురించి ఏదో ఒక వంక పెట్టేవారు.

పోయిన తరవాత కారు డాష్‌బోర్డు అరలో ఆసుపత్రి రిపోర్టు దొరికింది. గుండె బాగోలేదని, రెండు నెలలు పని మానేయమని డాక్టరు చెప్పి చాలా రోజులైందట. ఆయన భార్యకి కూడా తెలియదు. ఆవిణ్ణి మేమంతా పిన్నిగారనే పిలుస్తాం. "ఎక్కడ దాచాడో చూశావా? నాకు డ్రైవింగ్ రాదు గదా, ఆ అర నేను తియ్యననుకున్నాడు" అన్నారు పిన్నిగారు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నేర్పిన మనిషి, ఇంట్లో మనిషికి నేర్పలేదు. అడిగితే రేపు, ఎల్లుండి అనేవారట. ఈ ఒక్క సంగతిలో ఆయన్ని నేనింకా క్షమించలేదు.

ఇక ఆ ఆరుగురు. వాళ్ళలో ఒక నర్సుంది, ఒక టైలరుంది, స్కూలు వ్యాను నడిపే పని మాట్లాడుకున్న ఒకామె ఉంది. వేరే స్కూళ్ళలో అడిగితే మళ్ళీ మొదటినుంచీ చేరమన్నారు. కారు కొనడానికి గుడివాడ నుంచి ఒకాయన వచ్చాడు. పిన్నిగారు నెలాఖరుదాకా ఆగమన్నారు. అప్పటిదాకా ఆ కారు ఈ ఆరుగురిదే. పక్కన లైసెన్సున్న మనిషి కూర్చుంటే చాలు.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక నేనే వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాను. టైలరుగారు స్టీరింగ్ పట్టుకున్నారు. నేను బలంకొద్దీ బ్రేకు తొక్కాను. ఆవిడ నావైపు అదోలా చూసి, "ఇంకా స్టార్టే చెయ్యలేదండీ" అన్నారు.

నా ఒక్కదానివల్ల కాదు. ఉన్నవి రెండు ఆదివారాలు, మనుషులు ఆరుగురు. ఈ పేజీ చదివేవాళ్ళలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉంటారని నాకు తెలుసు. వచ్చే రెండు ఆదివారాల్లో ఒక పూట వచ్చి పక్క సీట్లో కూర్చోగలరా? వస్తానన్నా, రాలేనన్నా సరే, ఈ నెల పదహారో తేదీలోగా పిన్నిగారికి గానీ ఈ పత్రికకి గానీ ఒక మాట తెలియజేయండి.