ఇక్కడెవరూ కూర్చోరు

మదురైలో మా వీధి బాగుపడింది. ఆ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే కళ్ళు పోతాయి. మురుగుకాలువ భూమిలోకి పోయింది, బండ్లు పక్క సందులోకి పోయాయి, రాతిపలకల నడకదారి మీద ఆడపిల్లలు చీకటి పడ్డాక కూడా నిశ్చింతగా నడుస్తున్నారు. సుడలైముత్తు పాత్రల కొట్టులో ఎప్పుడూ లేనంత బేరం. అయినా ఆ మనిషి ముఖాన కళ లేదు. ఎలా ఉంటుంది, చేసిన పని అలాంటిది మరి!

అతని కొట్టు మెట్టు మీద పేచ్చియమ్మాళ్ ఇరవై రెండేళ్ళుగా మల్లెపూలు అమ్మేది. నోరు పెద్దది. "అన్నా, మీ గిన్నెల మోతకి నా పూలు వాడిపోతున్నాయి!" అనేది. "నీ అరుపులకి నా గిన్నెలు సొట్టలు పడుతున్నాయిలే" అనేవాడతను.

వీధి పని మొదలయ్యే ముందు, ఎవరెక్కడ కూర్చుని అమ్ముతారో రాసుకోవడానికి కార్పొరేషన్ ఆఫీసు గుమాస్తా వచ్చాడు. జాబితాలో పేరున్నవాళ్ళకే ఆ చోట కప్పున్న కొత్త బడ్డీ. వచ్చి వచ్చి, అమ్మవారి పూజలు జరిగే ఆడి మాసపు శుక్రవారం వచ్చాడు మహానుభావుడు! ఆ రోజు పూలవాళ్ళు వీధిలో ఉంటారా? అందరూ అమ్మవారి గుడి దగ్గరే. ఎవరి మెట్టు సంగతి ఆ కొట్టువాళ్ళే చెప్పారు.

"మీ ముందు ఎవరు కూర్చుంటారు?"

సుడలైముత్తు కొట్టుకి అద్దాల ముఖం పెట్టించాలనుకుంటున్నాడు. బడ్డీ అడ్డం లేకపోతే గిన్నెలు వీధి చివరికి తళతళలాడతాయి. ఆ పాడు ఆశ ఒక్కటే.

"ఇక్కడెవరూ కూర్చోరు సార్" అని సంతకం పెట్టేశాడు.

పని పూర్తయింది, బడ్డీలు పంచారు. పేచ్చియమ్మాళ్‌కి రాలేదు. గంప నెత్తిన పెట్టుకుని తిరుగుతుంటే, కాపలావాళ్ళు ఈ చివర తరిమితే ఆ చివరికి పోయేది. ఆఖరికి, జాబితాలో లేనివాళ్ళు సాక్షిని తెచ్చుకుంటే పేరు రాస్తామన్నారు ఆఫీసువాళ్ళు. ఆమె నేరుగా సుడలైముత్తు దగ్గరికే వచ్చింది. "అన్నా, ఒక్క మాట చెప్పండి, చాలు." కాదనలేక, కాళ్ళీడ్చుకుంటూ ఆమె వెంట ఆఫీసుకి వెళ్ళాడు.

గుమాస్తా కాగితాలు తిరగేశాడు. "ఇరవై రెండేళ్ళా? ఎవరూ కూర్చోరని ఈయనే సంతకం పెట్టాడే!"

పేచ్చియమ్మాళ్ కొంగు నడుముకి దోపింది. "నోటికొచ్చినట్టు మాట్లాడకండి సారూ! మీరు తప్పు రాసుకుని మా అన్న మీదకి తోస్తారా? ఆయన అలాంటి మనిషి కాదు."

"చెప్పవయ్యా, తప్పు రాసింది నేనా?" అన్నాడు గుమాస్తా.

అవునంటే సరిపోయేది. ఆమెకి బడ్డీ, అతనికి పరువు, రెండూ దక్కేవి. కానీ ఆమె అలా వెనకేసుకొస్తుంటే అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నేనే చెప్పాను సార్. అబద్ధం చెప్పాను. ఈవిడది మా మెట్టే. రాసుకోండి."

గుమాస్తా రాసుకున్నాడు. బడ్డీ వచ్చినట్టే. బయటికొచ్చాక పేచ్చియమ్మాళ్ అడిగింది.

"ఆ శుక్రవారం గుడి నుంచి ప్రసాదం అంబలి తెచ్చాను. మా పిల్లలకంటే ముందు మీకే పోశాను. అప్పటికే చెప్పేశారా?"

అతను తలూపాడు.

"మరి గొంతు ఎలా దిగింది అన్నా?"

"రెండు గ్లాసులు తాగాను పేచ్చీ" అన్నాడతను, నేల చూస్తూ.